కొత్త ల్యాప్‌టాప్ అప్పుడే నిండిపోయిందా? వన్‌డ్రైవ్‌లో ఉన్నవి పోగొట్టుకోకుండా సి డ్రైవ్ ఖాళీ చేసుకునే పద్ధతి

మొన్న ఆదివారం బరంపురం నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. "మావయ్యా, ల్యాప్‌టాప్ కొని నెల కూడా కాలేదు, అప్పుడే చోటు లేదంటోంది, సి డ్రైవ్ గీత ఎర్రగా అయిపోయింది. ఫొటోలన్నీ ఎలాగూ క్లౌడ్‌లో ఉన్నాయి కదా, ఇక్కడ డిలీట్ చేసేస్తాను" అంది. "తల్లీ, నేను చెప్పేదాకా దేన్నీ ముట్టుకోకు" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది.

ఎందుకంటే సరిగ్గా ఇదే మాట అనుకుని రెండేళ్ల కిందట మా అన్నయ్య ఒక ఫోల్డర్ తీసేశాడు. పర్లాకిమిడిలో మా పాత ఇల్లు పడగొట్టకముందు తీసిన ఫొటోలు, అమ్మ వత్తులు చేసుకుంటూ మాట్లాడిన వీడియోలు, అన్నీ అందులోనే ఉండేవి. ల్యాప్‌టాప్‌లో తీసేస్తే ఫోన్‌లోనూ, వెబ్‌లోనూ అన్నిచోట్లా పోయాయి. అమ్మ అప్పటికే లేదు. మూడు వారాల తర్వాత వదిన ఏదో ఫొటో కోసం వెతికితే గానీ సంగతి బయటపడలేదు. వన్‌డ్రైవ్ అంటే మైక్రోసాఫ్ట్‌వాళ్లు నెట్‌లో మన ఫైళ్లు దాచిపెట్టే చోటు, దాన్నే క్లౌడ్ అంటున్నాం. డిలీట్ చేసినవి కొన్నాళ్లు ఉండే దాని రీసైకిల్ బిన్ గడువు ఇంకా దాటలేదు కాబట్టి దొరికాయి. ఇంకో పది రోజులు ఆలస్యమైతే దొరికేవి కావు. అందుకే మేనకోడలికి ఫోన్‌లో చెప్పినదంతా ఇక్కడ కూర్చి రాస్తున్నాను, తొందర లేకుండా ఒక పూట కూర్చుని చేసుకోండి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరివాణ్ణి, వాడుక మాటల్లోనే చెబుతాను. మెనూల పేర్లు మాత్రం స్క్రీన్ మీద ఎలా కనిపిస్తాయో అలాగే రాస్తున్నాను, వెతుక్కోవడం తేలిక కాబట్టి. ఇదంతా విండోస్ 11 గురించి.

అసలు చోటు ఎక్కడికి పోయింది

డబ్బా మీద 256 జీబీ అని ఉంటుంది, తెరిచి చూస్తే 238 అని చూపిస్తుంది. కొట్టువాడు మోసం చేశాడనుకుని గొడవపడినవాళ్లు నాకు తెలుసు, కానీ మోసం లేదు. డిస్కు తయారుచేసేవాళ్లు ఒక జీబీని 100 కోట్ల బైట్లుగా లెక్కేస్తారు, విండోస్ మాత్రం 1024ని 1024తో, మళ్లీ 1024తో గుణించి దాదాపు 107 కోట్ల బైట్లను ఒక జీబీ అంటుంది. అదే తేడా. 512 జీబీ డిస్కయితే 476 అని కనిపిస్తుంది. ఆ మిగిలినదాంట్లోనే విండోస్, ఆఫీస్, కంపెనీవాళ్లు ముందే వేసి పంపే ప్రోగ్రాములు, అప్‌డేట్ల కోసం విండోస్ పక్కన పెట్టుకునే కొన్ని జీబీలు, అన్నీ కూర్చుంటాయి.

రెండో సంగతి అసలైనది. కొత్త ల్యాప్‌టాప్ మొదటిసారి ఆన్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవుతాం కదా, అప్పుడే చాలా మెషీన్లలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అనే మూడు ఫోల్డర్లూ వన్‌డ్రైవ్ లోపలికి చేరిపోతాయి. మనం గమనించం. డెస్క్‌టాప్ మీద పడేసిన ప్రతిదీ నెట్‌లోకి ఎక్కుతుంది, ఎక్కాక కూడా ఒక కాపీ ల్యాప్‌టాప్‌లో ఉండిపోతుంది. మా మేనకోడలు చేసింది అదే. ఇంట్లో పాత హార్డ్ డిస్కులో ఉన్న 90 జీబీ ఫొటోలూ పెళ్లి వీడియోలూ పిక్చర్స్‌లో కాపీ చేసింది, నాలుగు రాత్రులు అప్‌లోడ్ అయ్యాయి, అయినా ఆ 90 జీబీ ఇక్కడ ఒక్క బైటు కూడా తగ్గలేదు. క్లౌడ్‌లోకి పంపితే ఇక్కడ ఖాళీ అవుతుందనుకోవడం దగ్గరే అందరూ పొరబడతారు. పంపడం వేరు, ఖాళీ చేయడం వేరు.

మొదటి పని: కొలుచుకోండి

సెట్టింగ్స్ తెరిచి సిస్టమ్, అందులో స్టోరేజ్. ఏది ఎంత తింటోందో గీతలతో చూపిస్తుంది. కింద షో మోర్ క్యాటగిరీస్ అని ఉంటుంది, అది కూడా నొక్కండి, లేకపోతే సగమే కనిపిస్తుంది. ఆ లెక్క ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, చివర్లో పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఆ తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వన్‌డ్రైవ్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. అక్కడ రెండు లెక్కలుంటాయి, సైజ్ అని ఒకటి, సైజ్ ఆన్ డిస్క్ అని ఒకటి. మొదటిది మొత్తం సరుకు, రెండోది నిజంగా మీ ల్యాప్‌టాప్‌లో ఆక్రమించిన చోటు. మేనకోడలికి మొదటిది 131 జీబీ, రెండోది 118. అంటే దాదాపు అంతా ఇక్కడే తిష్ఠ వేసుకుని ఉంది. మీకు ఈ రెండో సంఖ్య చిన్నదిగా ఉంటే మీ సమస్య వన్‌డ్రైవ్ కాదు, కిందున్న టెంపరరీ ఫైల్స్ దగ్గరికి వెళ్లిపోండి.

రెండో పని: అన్నీ నిజంగా పైకి చేరాయా

దీన్ని దాటేయకండి, దయచేసి. గడియారం పక్కన చిన్న మబ్బు గుర్తు ఉంటుంది, కనిపించకపోతే పైకి చూపే బాణం గుర్తు నొక్కితే దాక్కుని ఉంటుంది. దాని మీద నొక్కితే ఫైళ్లన్నీ సింక్ అయ్యాయని, అంటే ఇక్కడున్నవీ నెట్‌లో ఉన్నవీ ఒకేలా అయ్యాయని ఉండాలి. గుండ్రంగా తిరిగే నీలి బాణాలుంటే ఇంకా పని నడుస్తోంది, వదిలేయండి, పొద్దున చూడండి. ఎర్ర గుర్తుంటే ఏదో ఫైలు ఎక్కలేదు, దాని పేరు అక్కడే చూపిస్తుంది. ఆ గుర్తు పోయేదాకా ముందుకెళ్లొద్దు.

నేనైతే అక్కడితో ఆగను. ఫోన్‌లో అదే అకౌంట్‌తో వన్‌డ్రైవ్ తెరిచి, కొత్తగా కాపీ చేసిన ఫోల్డర్లోకి వెళ్లి, మొదట్లోది ఒకటి, మధ్యలోది ఒకటి, ఆఖరిది ఒకటి ఫొటో తెరిచి చూస్తాను. తెరుచుకుంటే మనసు నిమ్మళం.

ఇక్కడ ఒక చిక్కుంది. డబ్బు కట్టని వన్‌డ్రైవ్ అకౌంట్‌లో 5 జీబీయే ఇస్తారు. అందులో 90 జీబీ పట్టదు కదా, 5 దాటగానే అప్‌లోడ్ ఆగిపోతుంది, మిగతావి ల్యాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా ఉండవు. మైక్రోసాఫ్ట్ 365 పర్సనల్ తీసుకుంటే 1 టీబీ వస్తుంది, ఫ్యామిలీ తీసుకుంటే ఆరుగురిదాకా ఒక్కొక్కరికి 1 టీబీ. మేనకోడలు వాళ్ల నాన్న ఫ్యామిలీ ప్లాన్‌లో ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. మీకు 5 జీబీయే ఉంటే బరువైన వీడియోలు బయటి హార్డ్ డిస్కులోకి మార్చి, వన్‌డ్రైవ్‌లో కాగితాలూ నోట్సూ మాత్రం పెట్టుకోండి. కాలేజీ ఇచ్చిన అకౌంట్‌లో చోటు ఎక్కువుందని ఇంటి ఫొటోలు అందులో పెట్టేవాళ్లున్నారు, అది నాకు అస్సలు నచ్చదు. కాలేజీ వదిలాక ఆ అకౌంట్ మూసేస్తే ఎవర్ని అడుగుతారు?

మూడో పని: ఫ్రీ అప్ స్పేస్

ఫైళ్ల పక్కన స్టేటస్ అనే చోట మూడు రకాల గుర్తులుంటాయి. నీలి మబ్బు ఉంటే ఫైలు నెట్‌లోనే ఉంది, ఇక్కడ పేరు మాత్రమే కనిపిస్తోంది. తెల్లటి వలయంలో ఆకుపచ్చ టిక్ ఉంటే ఇక్కడ కాపీ ఉంది, కావాలంటే ఖాళీ చేయొచ్చు. నిండా ఆకుపచ్చగా ఉన్న వలయంలో తెల్ల టిక్ ఉంటే ఎప్పుడూ ఇక్కడే ఉండాలని మనం చెప్పినది.

ఇప్పుడు బరువైన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఫ్రీ అప్ స్పేస్ నొక్కండి. కొన్ని మెషీన్లలో నేరుగా కనిపిస్తుంది, కొన్నింట్లో వన్‌డ్రైవ్ అన్న మాట మీదికి వెళ్తే లోపల ఉంటుంది. కాసేపటికి ఆకుపచ్చ టిక్కులన్నీ నీలి మబ్బులవుతాయి. ఫొటోలు అక్కడే ఉన్నట్టు కనిపిస్తాయి, పేర్లుంటాయి, తేదీలుంటాయి, డబుల్ క్లిక్ చేస్తే నెట్ నుంచి దిగి తెరుచుకుంటాయి. డిస్కు మీద మాత్రం చోటు తీసుకోవు. పైకి చేరని ఫైలును ఇది ఖాళీ చేయదు, ఆ భయం అక్కర్లేదు.

మా అక్కకి ఇలా చెప్పాను: వడ్ల బస్తాలు గోదాములో వేసి రసీదు ఇంట్లో పెట్టుకున్నట్టు. ఫ్రీ అప్ స్పేస్ అంటే ఇంట్లో ఉన్న బస్తాలు తీసేసి రసీదు మాత్రం ఉంచుకోవడం. డిలీట్ అంటే గోదాములో ఉన్న బస్తాలు కూడా పారబోయమని కబురు పంపడం. మబ్బు గుర్తున్న ఫైలును డిలీట్ చేస్తే ల్యాప్‌టాప్‌లో ఉన్న రీసైకిల్ బిన్‌లోకి కూడా రాదు, ఎందుకంటే ఇక్కడ ఉన్నది పేరే గనక. వన్‌డ్రైవ్ వెబ్‌సైట్లో ఉండే రీసైకిల్ బిన్‌లోకి పోతుంది. సొంత అకౌంటయితే అక్కడ 30 రోజులుంటుంది, ఆ బిన్ నిండిపోతే పాతవి 3 రోజుల్లోనే పోవచ్చు. ఇప్పటికే పొరపాటున తీసేసినవాళ్లు చదవడం ఇక్కడే ఆపి, ముందు ఆ వెబ్‌సైట్‌లోకి వెళ్లి ఎడమ పక్క రీసైకిల్ బిన్ తెరిచి రీస్టోర్ నొక్కండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

ఒక్కో ఫోల్డర్ కాకుండా అంతా ఒక్కసారే ఖాళీ చేయాలంటే, మబ్బు గుర్తు నొక్కి గేరు చక్రం గుర్తులో సెట్టింగ్స్, సింక్ అండ్ బ్యాకప్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఫైల్స్ ఆన్ డిమాండ్ దగ్గర ఫ్రీ అప్ డిస్క్ స్పేస్ అని ఉంటుంది. దాని పక్కనే డౌన్‌లోడ్ ఆల్ ఫైల్స్ అని కూడా ఉంటుంది, అది నొక్కితే సరిగ్గా ఉల్టా పని జరుగుతుంది, మొత్తం సరుకు దిగిపోతుంది. చదివి నొక్కండి.

నాలుగో పని: ఏవి మాత్రం ఇంట్లోనే ఉండాలి

హైదరాబాదులో ఉండేవాళ్లకి ఇది పెద్దగా పట్టదేమో గానీ మన వైపు వాళ్లకి చాలా ముఖ్యం. పర్లాకిమిడి ఊళ్లో నెట్ బాగానే ఉంటుంది, గుమ్మ వైపు, మోహన వైపు కొండలెక్కారా, సిగ్నల్ వస్తుంది పోతుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో మేం కరెంటూ సిగ్నలూ లేకుండా రోజులకు రోజులు గడిపాం. అలాంటప్పుడు నీలి మబ్బు గుర్తున్న ఫైలు ఉన్నా లేనట్టే.

పైగా ఆంధ్రా, ఒడిశా సరిహద్దులో బతికేవాళ్ల కాగితాలు రెండు రాష్ట్రాల్లో ఉంటాయి. పుట్టిన సర్టిఫికెట్ పాతపట్నం వైపుది, రెసిడెన్స్ సర్టిఫికెట్ ఒడిశాది, పొలం పట్టా ఒడియాలో, తాతగారి దస్తావేజు తెలుగులో. ఆఫీసులో కౌంటర్ ముందు నిలబడి "సార్, డౌన్‌లోడ్ అవుతోంది" అంటే ఎవరూ ఆగరు. కాబట్టి ముఖ్యమైన కాగితాలన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టండి, నేను దానికి కాగితాలు అనే పేరు పెట్టుకున్నాను, తెలుగు పేర్లు శుభ్రంగా సింక్ అవుతాయి, ఒడియా పేర్లూ అంతే. ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్ ఎంచుకోండి. స్కాన్ కాపీలు మొత్తం కలిపినా ఒక జీబీ దాటవు. మేనకోడలు తన సెమిస్టర్ నోట్సునీ, రాస్తున్న ప్రాజెక్టునీ కూడా అలాగే పెట్టింది.

పెట్టాక ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేసి అందులోంచి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. ఇంట్లో ఉండగా తెరుచుకోకపోతే సరిచేసుకోవచ్చు, కాశీనగర్ దాటాక రైల్లో తెలిస్తే ఏం చేస్తాం.

ఐదో పని: మళ్లీ నిండకుండా

మబ్బు గుర్తున్న ఫైలు ఒకసారి తెరిస్తే దిగుతుంది, దిగింది ఉండిపోతుంది. ఒక పెళ్లి వీడియో చూస్తే 4 జీబీ పోయినట్టే. అందుకని స్టోరేజ్ సెన్స్ అనేదాన్ని ఆన్ చేయాలి. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్‌లోనే ఉంటుంది. ఆన్ చేసి దాని పేరు మీద నొక్కితే లోపల ఇంకొన్ని ఎంపికలుంటాయి, కింద లోకల్లీ అవైలబుల్ క్లౌడ్ కంటెంట్ దగ్గర వన్‌డ్రైవ్‌కి 1, 14, 30, 60 రోజులు అని ఇస్తుంది. నేను 30 పెట్టమంటాను. నెల రోజులు తెరవని ఫైలు తనంతట తాను మబ్బుగా మారిపోతుంది, ఆల్వేస్ కీప్ పెట్టినవాటి జోలికి రాదు.

అదే పేజీలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ గురించి కూడా ఒక ఎంపిక ఉంటుంది, అది నెవర్ అని ఉండాలి. ఇది గట్టిగా చెబుతున్నాను. డౌన్‌లోడ్స్ మామూలుగా వన్‌డ్రైవ్‌లో ఉండదు, అందులోంచి పోయినది పోయినట్టే. హాల్ టికెట్లూ, బ్యాంకు కాగితాలూ మనవాళ్లు అందులోనే వదిలేస్తారు.

టెంపరరీ ఫైల్స్

స్టోరేజ్ పేజీలోనే టెంపరరీ ఫైల్స్ అని ఉంటుంది. విండోస్ అప్‌డేట్ క్లీనప్, డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైల్స్, థంబ్‌నెయిల్స్ టిక్ పెట్టి తీసేయొచ్చు. ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్ అని కనిపిస్తే అది పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు పాతదాన్ని దాచినది, చాలా జీబీలుంటుంది, కొత్త వెర్షన్ బాగానే నడుస్తుంటే తీసేయండి, వదిలేసినా 10 రోజుల తర్వాత విండోసే తీసేస్తుంది. ఈ జాబితాలో కూడా డౌన్‌లోడ్స్ అని ఉంటుంది, దాని టిక్ తీసి ఉందో లేదో చూసుకున్నాకే రిమూవ్ నొక్కండి.

వాడని ప్రోగ్రాములు యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో సైజు ప్రకారం పేర్చి చూసి తీసేయడమే, దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు.

గూగుల్ డ్రైవ్ కూడా ఉందా

చాలామందికి రెండూ ఉంటాయి. గూగుల్ డ్రైవ్ ప్రోగ్రాము ల్యాప్‌టాప్‌లో వేసుకుంటే అందులో స్ట్రీమ్ ఫైల్స్, మిర్రర్ ఫైల్స్ అని రెండు పద్ధతులుంటాయి. మిర్రర్ అంటే మై డ్రైవ్‌లో ఉన్నదంతా ఇక్కడ ఇంకో కాపీ, స్ట్రీమ్ అంటే తెరిచినప్పుడే దిగేది. చిన్న డిస్కున్నవాళ్లు స్ట్రీమ్ పెట్టుకోవాలి, కావలసిన ఫోల్డర్ ఒక్కటి ఆఫ్‌లైన్‌లో ఉంచుకోవచ్చు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, ఫొటోలు, డ్రైవ్ మూడూ వాటాదారులే, అది నిండితే మెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది. అన్నిటికంటే పెద్ద తప్పు, వన్‌డ్రైవ్ ఫోల్డర్‌నే గూగుల్ డ్రైవ్‌కి బ్యాకప్ ఇవ్వడం. రెండూ ఒకే ఫైళ్ల మీద పడతాయి, దిగినవి దిగుతూనే ఉంటాయి. దేనికి ఏది అని ముందే తేల్చుకోండి.

ఖాళీ చేశాక జాగ్రత్తపడాల్సినవి

మబ్బు గుర్తున్న ఫోల్డర్‌ని జిప్ చేసినా, పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసినా ముందు అదంతా ల్యాప్‌టాప్‌లోకి దిగాలి. 60 జీబీ ఫోల్డర్ కాపీ చేయబోయి 20 జీబీ ఖాళీ ఉన్న డిస్కుని మళ్లీ నింపుకున్నవాళ్లున్నారు. చిన్న చిన్న ఫోల్డర్లుగా చేయండి, ఒకటి అయ్యాక దానికి ఫ్రీ అప్ స్పేస్ నొక్కి ఇంకోటి మొదలుపెట్టండి.

వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోంచి బయటికి లాగి ఇంకోచోట పెడితే క్లౌడ్‌లోంచి కూడా పోతుంది. కాపీ వేరు, మూవ్ వేరు.

ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్లు ఆ వైఫై ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేసుకోండి, వన్‌డ్రైవ్ సింక్ తాత్కాలికంగా ఆగుతుంది, రోజువారీ డేటా ఒక్క పూటలో అయిపోదు. ఇంటి వైఫైకి వచ్చాక మళ్లీ సింక్ అయిందో లేదో చూడటం మాత్రం మరవొద్దు.

డెస్క్‌టాప్ వన్‌డ్రైవ్‌లో ఉండటం ఇష్టం లేనివాళ్లు సింక్ అండ్ బ్యాకప్‌లో మేనేజ్ బ్యాకప్‌కి వెళ్లి ఆపుకోవచ్చు. ఆపగానే డెస్క్‌టాప్ ఖాళీగా కనిపిస్తే టెన్షన్ పడకండి, ఫైళ్లు వన్‌డ్రైవ్ లోపల డెస్క్‌టాప్ అనే ఫోల్డర్‌లోనే ఉంటాయి, అక్కడి నుంచి తెచ్చుకోవాలి. నా మాటడిగితే దాన్ని ఆపకుండా ఉంచి, బరువైనవాటిని మాత్రం డెస్క్‌టాప్ మీద పడేయకుండా ఉంటే చాలు.

హార్డ్ డిస్కు

సింక్ అంటే బ్యాకప్ కాదు. ఒకచోట చేసిన తప్పు అన్నిచోట్లా అలాగే జరగడమే సింక్. మళ్లీ తీయలేని ఫొటోలు, మళ్లీ వినలేని గొంతులు ఒక విడి హార్డ్ డిస్కులో కూడా ఉండాలి, అది ఎప్పుడూ ల్యాప్‌టాప్‌కి తగిలించి ఉండకూడదు. మేనకోడలు పాత డిస్కుని ఫార్మాట్ చేసి సినిమాలకి వాడుకుంటానంది, వద్దన్నాను.

సాయంత్రానికి ఆమె వన్‌డ్రైవ్ సైజ్ ఆన్ డిస్క్ 118 నుంచి 6 జీబీకి దిగింది, ఎర్ర గీత నీలంగా మారింది. ఆ పాత డిస్కుని వచ్చే శనివారం ఇంటికి తెస్తుంది. అమ్మ వీడియోల ఫోల్డర్ కూడా దాంట్లోకి కాపీ చేసి, పైన తేదీ వేసిన కాగితం అంటించి, అన్నయ్య బీరువాలో పెడతాం.